ఉగ్గానికి మూత పెట్టొద్దు

బెంగళూరులోనూ హైదరాబాదులోనూ రాయలసీమ రుచులంటూ బోర్డులు పెరిగాక, నానబెట్టి పిండిన బొరుగులకు (మరమరాలకు) తాలింపు పట్టించి చేసే మా టిఫిన్ ఉగ్గానికి కొత్తగా ఒక చెడ్డపేరు మొదలైంది. మొదటిసారి తిన్నవాళ్లు చాలామంది ఒకటే మాట అంటున్నారు: "తడిసిన బొరుగులే కదా, దీనికింత గోలెందుకు?" ఈ మాట వింటే అనంతపురం, ఆదోని వైపు వాళ్లకు చురుక్కుమంటుంది. తప్పును వెంటనే నీళ్ల మీదికో, బొరుగుల మీదికో, వండినాయన ఊరి మీదికో నెట్టేస్తారు. కానీ తిన్నవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ల ముందుకు వచ్చింది నిజంగానే తడిసిన బొరుగులు. పొయ్యి మీంచి దిగినప్పుడు అది ఉగ్గానే. డబ్బాలోకి ఎక్కి, మూత పడి, అరగంట బండి మీద తిరిగొచ్చేసరికి ఇంకేదో అయింది.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఉగ్గాని పొయ్యి మీద చెడిపోయేది తక్కువ, మూత కింద చెడిపోయేది ఎక్కువ. హోటల్లో హాట్ బాక్సు, డెలివరీ డబ్బా, ఫంక్షన్ హాల్లో బఫే పాత్ర, ఇంట్లో "చల్లారిపోతుందేమో" అని బోర్లించిన పళ్లెం, అన్నీ చేసే పని ఒకటే.

ఇది వట్టి సీమ పట్టింపులాగా అనిపించొచ్చు. చల్లారితే దోసె మాత్రం బాగుంటుందా అని అడగొచ్చు. బాగుండదు, ఒప్పుకోవాల్సిందే. కానీ చల్లారడం వేరు, మూత కింద ఉడికిపోవడం వేరు. ఉప్మాకు మూతపెట్టి మగ్గనిస్తేనే రవ్వ విచ్చుకుంటుంది. అటుకుల ఉప్మాను రెండు నిమిషాలు మూతపెట్టి దించితేనే అటుకు మెత్తబడుతుంది. పులిహోర సంగతి చెప్పక్కర్లేదు, కలిపి మూతపెట్టి గంటసేపు ఊరనిస్తేనే దానికి రుచి. ఉగ్గాని మాత్రం ఈ మర్యాదకు లొంగదు. ఎందుకు లొంగదో తెలియాలంటే బొరుగు దగ్గర మొదలుపెట్టాలి.

బొరుగు ముందే ఉడికిపోయింది

కోస్తావాళ్లు మరమరాలనే వీటిని చేసే పద్ధతి చూస్తే సగం సంగతి అర్థమవుతుంది. వడ్లను నానబెట్టి, ఉడకబెట్టి, ఆరబెట్టి మర ఆడిస్తే ఉప్పుడు బియ్యం. ఆ బియ్యానికి ఉప్పునీళ్లు పట్టించి, మళ్లీ ఆరనిచ్చి, బట్టీలో బాగా కాగిన ఇసుకలో వేసి కలియబెడతారు. ఇసుక వేడి 200 డిగ్రీలు దాటి ఉంటుంది. గింజలో మిగిలిన కొద్దిపాటి తేమ ఒక్కసారిగా ఆవిరై లోపలినుంచి ఉబ్బిస్తుంది. అంతా సెకన్ల మీద జరిగే పని. తర్వాత జల్లెడ పట్టి ఇసుకను వేరుచేస్తారు.

అంటే బొరుగు మన ఇంటికి వచ్చేసరికే ఒకసారి ఆవిరిలో, ఒకసారి ఇసుకలో ఉడికి ఉంది. పైగా లోపలంతా గుల్ల. గోడలు కాగితమంత పల్చన. చన్నీళ్లు తగిలినా చాలు, క్షణాల్లో లోపలికి దూరిపోతాయి. అటుకు అలా కాదు. దాన్ని దంచి అణిచారు కాబట్టి గట్టిగా ఉంటుంది, నీళ్లు మెల్లగా తాగుతుంది, తాగాక కూడా ఆకారం పోగొట్టుకోదు. అందుకే అటుకులు మూతను ఓర్చుకుంటాయి. ఉగ్గానిలో మనం అసలు వండేది తాలింపును మాత్రమే. బొరుగును వండటం లేదు, వేడిచేసి తాలింపు పట్టిస్తున్నామంతే. ఉడికిన దాన్ని మూతపెట్టి మళ్లీ ఉడికిస్తే ఏమవుతుందో అదే అవుతుంది.

బట్టీ పద్ధతి వల్ల ఇంకో రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. మొదటిది ఉప్పు. బొరుగులోనే ఉప్పుంది, నీళ్లలో ముంచితే కొంత పోతుంది, ఎంత పోతుందో బొరుగును బట్టి మారుతుంది. కాబట్టి పిండిన బొరుగును నాలుగు గింజలు నోట్లో వేసుకుని చూశాకే తాలింపులో ఉప్పు వేయాలి. ఉగ్గానిలో ఉప్పు ఎక్కువైందంటే పదిలో తొమ్మిదిసార్లు కారణం ఇదే. రెండోది ఇసుక. జల్లెడ ఎంత పట్టినా రవంత మిగులుతుంది. నీళ్లలో వేసిన బొరుగులను జల్లిగిన్నెలోకి వంచేస్తే ఆ ఇసుక కూడా వెంట వస్తుంది. వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి, తేలిన బొరుగులను చేత్తో పైనుంచే తీసుకోవాలి. అడుగున మిగిలిన నీళ్లు పారబోసేటప్పుడు వేలితో తడిమితే తెలుస్తుంది.

బొరుగుల్లో రకాలున్నాయి. ఉగ్గానికి కావలసింది లావుపాటిది, కొంచెం బరువైనది, పంటికి గట్టిగా తగిలేది. చాట్ బండ్లవాళ్లు వాడే తెల్లటి, తేలికపాటి సన్నరకం దీనికి పనికిరాదు. నీళ్లు చూడగానే కరిగిపోతుంది. పెద్ద ఊళ్ల సూపర్ మార్కెట్లలో ప్యాకెట్టుగా దొరికేది చాలావరకు ఈ సన్నరకమే. అక్కడ ఉండేవాళ్లకు ఉగ్గాని కుదరకపోవడానికి మూత కాకుండా మరో కారణం ఉందంటే ఇదే. తప్పనిసరై అదే వాడితే నీళ్లలో ముంచొద్దు. చాటలో పోసి నీళ్లు చిలకరించి, కలిపి, వెంటనే తాలింపులో వేయాలి.

పాతబడి మెత్తబడ్డ బొరుగులైతే ఇంకో చిక్కు. పైన నానుతుంది, లోపల రబ్బరులా సాగుతుంది. నోట్లో వేసుకుంటే కరకరమనాలి. అనకపోతే అరగంట ఎండలో పెట్టాలి, ఎండ లేకపోతే వట్టి బాణలిలో సన్నటి సెగ మీద రెండు నిమిషాలు తిప్పి చల్లారనివ్వాలి.

పిండటంలో ఉంది పని

నలుగురికి 200 గ్రాముల బొరుగులు సరిపోతాయి. చూడ్డానికి కొండంత కనిపిస్తాయి, నానబెట్టి పిండేసరికి మూడో వంతుకు దిగుతాయి. కొత్తగా చేసేవాళ్లు ఆ కొండను చూసి భయపడి తక్కువ వేస్తారు, ఆనక తాలింపు ఎక్కువై, నూనె తేలి, తిట్టుకుంటారు.

నీళ్లలో వేయగానే బొరుగులు తేలతాయి. రెండు అరచేతులతో కిందికి అదిమి పట్టుకోవాలి. లావురకానికి అరనిమిషం నుంచి ఒక నిమిషం. ఒక గింజ తీసి నొక్కితే పైన మెత్తగా, నడుమ ఇంకా రవంత పలుకు తగలాలి. ఆ పలుకు పోయేదాకా ఆగితే చేయిదాటిపోయినట్టే, ఎందుకంటే పిండి తాలింపులో వేసేలోపు అది ఎటూ మెత్తబడుతుంది.

పిండటం అంటే బట్టలు పిండినట్టు మెలిపెట్టడం కాదు. రెండు చేతులకు సరిపడా తీసుకుని, అరచేతుల మధ్య ఒకసారి గట్టిగా ఒత్తి, వేరే పళ్లెంలోకి విదిలించాలి. ముద్దగా పడితే ఒత్తిడి ఎక్కువైంది. పళ్లెం అడుగున నీళ్లు చేరితే తక్కువైంది. పొడిపొడిగా విడిపోయి పళ్లెం మాత్రం తడిగా ఉంటే సరిగ్గా ఉంది. పిండిన బొరుగులను గుట్టగా పోయకుండా పరచాలి. గుట్టలో అడుగువి పైవాటి బరువుకే అణిగి ముద్దవుతాయి. పరిచినా సరే, అయిదు నిమిషాలు దాటనివ్వొద్దు. అందుకే తాలింపు పూర్తిగా సిద్ధమయ్యాకే బొరుగులను నీళ్లలో వేయాలి. చాలా ఇళ్లల్లో దీన్ని తలకిందులు చేస్తారు. ముందు బొరుగులు నానబోసి, తర్వాత ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు) తరగడానికి కూర్చుంటారు.

తాలింపు, పప్పుల పొడి

200 గ్రాముల బొరుగులకు చెనిక్కాయ (వేరుశనగ) నూనె నాలుగు టేబుల్ స్పూన్లు పడుతుంది. ఎక్కువనిపిస్తుంది, కానీ ఆ నూనె గింజగింజకూ పల్చటి పొరలా పట్టుకుని ఒకదానికొకటి అంటుకోకుండా ఆపుతుంది. సగానికి తగ్గించి చేసిన ఉగ్గాని గొంతులో అడ్డంపడుతుంది. ఆవాలు, జీలకర్ర, చెంచాడు శనగపప్పు, చెంచాడు మినప్పప్పు, రెండు రెమ్మలు కరివేపాకు. పప్పులు ఎర్రబడ్డాక సన్నగా తరిగిన రెండు ఎర్రగడ్డలు. పచ్చిమిరపకాయలు ఆరునుంచి ఎనిమిది, వాటిని తరగొద్దు, రవంత ఉప్పేసి కచ్చాపచ్చాగా దంచాలి. బొరుగుకు సొంత రుచి చాలా తక్కువ. ముక్కలుగా వేస్తే కారం ముక్కలోనే కూర్చుంటుంది, తినేవాళ్లకు ఒక ముద్ద చప్పగా, ఒక ముద్ద భగ్గుమంటూ తగులుతుంది. దంచితే కారం నూనెలోకి దిగి అన్ని గింజలకూ సమంగా చేరుతుంది. పసుపు అర చెంచా, అదీ నూనెలోనే వేగాలి. బొరుగుల మీద చల్లితే చారలు పడుతుంది, పచ్చివాసన పోదు.

టమేటా దగ్గర రెండు పార్టీలున్నాయి. టమేటా లేకపోతే ఉగ్గానే కాదనేవాళ్లు ఒకపక్క, చింతపండు పులుసో నిమ్మరసమో తప్ప టమేటా పనికిరాదనేవాళ్లు ఇంకోపక్క. రుచి మాటకొస్తే మూడూ బాగుంటాయి, ఎవరింటి అలవాటు వారిది. కానీ నీటి లెక్కలో మాత్రం టమేటా ప్రమాదకరం. రెండు పండ్లు వేస్తే ఆరేడు నిమిషాలు మగ్గి, నీరంతా ఇగిరి, అంచుల్లో నూనె తేలాలి. తొందరపడి ముందే బొరుగులు వేస్తే ఆ గుజ్జులో దాగిన నీరు మెల్లమెల్లగా బొరుగుల్లోకే పోతుంది, అదీ వడ్డించాక. చింతపండయితే గోలీకాయంత తీసుకుని, రెండు చెంచాల నీళ్లలో చిక్కగా పిసికి, తాలింపులో ఉడికించి ఇగర్చాలి. నిమ్మకాయ పిండేది పొయ్యి ఆర్పాకే, ముందు పిండితే చేదెక్కుతుంది.

బొరుగులు వేశాక సెగ తగ్గించి, అట్లకాడతో అడుగునుంచి పైకి తిరగేస్తూ రెండు నిమిషాలు. అంతకుమించి ఉంచితే పై పొర ఎండి తోలుబారుతుంది. పొయ్యి ఆర్పేశాక పప్పుల పొడి. సీమలో వట్టిగా పప్పులు అంటే పుట్నాలే. 50 గ్రాముల పప్పులు, రెండు చెంచాల ఎండుకొబ్బెర తురుము, ఇష్టముంటే రెండు పాయలు తెల్లగడ్డ, అన్నీ కలిపి రవ్వకంటే కొంచెం మెత్తగా పొడిచేయాలి. మరీ పిండిలా అయితే తడి తగలగానే జిగురవుతుంది. పొయ్యి మీద ఉండగా వేస్తే పొడి అడుగంటి చేదు వాసన కొడుతుంది, మిగిలింది తడిని పీల్చుకుని గంజిలా చిక్కబడుతుంది.

ఈ పొడి రుచికోసమే అనుకుంటారు చాలామంది. దాని అసలు పని వేరే. బొరుగుల మీద మిగిలిన తడిని అద్దుకోవడం దాని ఉద్యోగం, సిరా మీద అద్దుడు కాగితం లాగా. పొడి పడ్డాక ఉగ్గాని చెమ్మ ఆరి, గింజ గింజ విడివిడిగా నిలబడుతుంది. కడప వైపు కారం దోసె మీద కూడా ఇదే పొడి, ఇదే పని. ఎర్రకారం పూసిన తడి మీద చివర్న చల్లి, మడిచి, ఆ క్షణమే పళ్లెంలో వేస్తారు. అక్కడ దాన్ని ఎవరూ హాట్ బాక్సులో దాచరు. ఉగ్గాని దగ్గరికి వచ్చేసరికి ఆ జాగ్రత్త ఎందుకో మరిచిపోతారు.

అద్దుడు కాగితం కూడా కొంతవరకే అద్దుతుంది. పొడి వేసిన పది పదిహేను నిమిషాల్లో అది తాగగలిగినంతా తాగేసి ఉబ్బుతుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి చుక్కా జిగురే.

మూత కింద ఏం జరుగుతుంది

వేడి ఉగ్గానినుంచి ఆవిరి లేస్తుంది. మూత తగిలి చల్లబడి నీటి బొట్లవుతుంది, మళ్లీ కిందికే రాలుతుంది. రాలిన చోట బొరుగు గోడలు కూలిపోతాయి, పొడి పేస్టవుతుంది. పై పొర ముద్ద. బఫే పాత్రలో అయితే అడుగున చిన్న మంట కూడా ఉంటుంది కాబట్టి అడుగు పొర ఎండి, అంటుకుని, టమేటా మాడిన వాసన పడుతుంది. నడుమ ఎక్కడో రెండంగుళాల మందాన అసలు ఉగ్గాని ఉంటుంది. ఒకే పాత్రలో మూడు రకాలు. వడ్డించే కుర్రాడు దాన్ని సరిచేయాలని గరిటెతో పైనుంచి కిందికి కలుపుతాడు. కలపడంతో నడిమి పొర కూడా చితికిపోతుంది. ఇంకాసేపటికి ఎవరో వచ్చి గట్టిబడిందని వేణ్ణీళ్లు చిలకరిస్తారు. ఇక చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

ఇక్కడ నా వాదనకు అడ్డం వచ్చే ఉదాహరణ ఒకటుంది, దాన్ని దాటవేయలేను. అనంతపురం, గుంతకల్లు వైపు చిన్న హోటళ్లలో పళ్లెం పళ్లేనికి వేరేగా చేయరు. పొద్దున్నే ఒక పెద్ద బేసిన్ నిండా కలిపి పెడతారు, వచ్చినవాళ్లకు అందులోంచే తీసి పెడతారు. అయినా బాగుంటుంది. మరి ఆలస్యమే దోషమైతే ఇదెలా బాగుంది?

చూస్తే ఆ బేసిన్ వెడల్పుగా ఉంటుంది, లోతు తక్కువ, మూత ఉండదు. ఆవిరి లేచి పోతుంది. పైపైన కొంచెం ఆరుతుంది, కానీ కలుపుతూ తీస్తుంటారు కాబట్టి పెద్దగా తెలియదు. పైగా గిరాకీ ఉన్నచోట ఒక బేసిన్ ఎక్కువసేపు నిలవదు, అయిపోగానే ఇంకోటి కలుపుతారు. కాబట్టి నా మాటను కొంచెం సరిదిద్దుకోవాలి. ఆలస్యం కొంతవరకు పరవాలేదు, మూసిపెట్టడమే కుదరదు. చల్లారిన ఉగ్గాని తినొచ్చు. చెమటపట్టిన ఉగ్గాని తినలేం. ఈగలు, దుమ్ము అని భయమైతే మూతకు బదులు పల్చటి నూలుబట్ట కప్పొచ్చు. బట్ట ఆవిరిని పోనిస్తుంది, బొట్లను పీల్చుకుంటుంది.

బజ్జీ లేకుండా లెక్క కుదరదు

కర్నూలు, అనంతపురం రెండుచోట్లా ఉగ్గాని పక్కన మిరపకాయ బజ్జీ ఉండి తీరాలి. మెత్తటిదాని పక్కన కరకరలాడేది. అది తీసేస్తే ఉగ్గాని మీద ఫిర్యాదు చేసేవాళ్లకు సగం కారణం ఇచ్చినట్టే.

ఈ బజ్జీకి ఎర్రగడ్డ కూరడాలు, రెండోసారి వేయించి ముక్కలు చేయడాలు అక్కర్లేదు. ఉగ్గానిలో ఎర్రగడ్డ ఉండనే ఉంది. పొడుగాటి లేతాకుపచ్చ మిరపకాయలు పది. కడిగి గుడ్డతో పొడిగా తుడవాలి, తడి ఉంటే పిండి జారిపోతుంది, నూనె చిటపటలాడి మీద పడుతుంది. తొడిమ ఉంచి, ఒకపక్క నిలువునా చీల్చాలి. చీల్చకపోతే లోపలి గాలి వేడెక్కి కాయ పగులుతుంది. చీలికలో ఓమ, ఉప్పు, చింతపండు గుజ్జు కలిపి రవంత రాయాలి. శనగపిండి 200 గ్రాములు, రెండు చెంచాలు బియ్యప్పిండి, ఉప్పు, రెండువేళ్లతో పట్టినంత సోడా. నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ, కాయను ముంచి తీస్తే తొక్క కనిపించనంత చిక్కగా కలపాలి. సోడా ఎక్కువైతే బజ్జీ ఎర్రబడి నూనె తాగుతుంది. పిండిబొట్టు వేస్తే వెంటనే పైకి తేలాలి, కానీ అప్పుడే రంగు మారకూడదు. నూనె అంత కాగాలి, 170, 180 డిగ్రీల మధ్య. మధ్యస్థం సెగ మీద నాలుగైదు నిమిషాలు.

రెండు పొయ్యిలుంటే వరస ఇలా వస్తుంది. తాలింపు ఇగిరి సిద్ధంగా ఉండాలి, పొడి కొట్టి ఉండాలి. బజ్జీలు నూనెలో వేసిన వెంటనే బొరుగులు నీళ్లలో. పిండటం అయ్యేసరికి బజ్జీలు ఒకసారి తిరగేయాలి. బొరుగులు బాణలిలో తిరిగి, పొడి పడి, నిమ్మకాయ పిండేసరికి బజ్జీలు జల్లిగరిటెలో ఉంటాయి. ఒక్కరే చేస్తుంటే మొదటిసారి గాబరా పడతారు, మూడోసారికి చేయి అలవాటవుతుంది.

మాదేనా?

ఉగ్గాని మాది అని మనం గట్టిగా అంటాం గానీ, బళ్లారి, దావణగెరె వాళ్లు వింటే నవ్వుతారు. దావణగెరెలో మండక్కి, మిర్చి జంట చాలా పేరున్నది. కన్నడంలో మండక్కి అంటే బొరుగులు, ఒగ్గరణె అంటే తాలింపు. మన ఉగ్గాని ఆ ఒగ్గరణె నుంచే వచ్చిందని నాకనిపిస్తుంది. చంటిపిల్లల ఉగ్గు నుంచి వచ్చిందనే వాదనా వినిపిస్తుంది, కానీ ఉగ్గు జారుడుగా ఉండేది, ఉగ్గాని జారుడుగా ఉంటే అసలు ఉగ్గానే కాదు కదా. హుబ్బళ్లి, ధారవాడ వైపు ఇలాంటిదాన్నే సూసలా అంటారు.

ఊళ్ల చరిత్ర చూసినా అదే కనబడుతుంది. 1800లో నిజాం ఇంగ్లీషువాళ్లకు ధారపోసిన దత్త మండలాల్లో బళ్లారి, కడప, కర్నూలు సీమలన్నీ కలిసే ఉన్నాయి. అనంతపురం బళ్లారినుంచి విడిపోయి జిల్లా అయింది 1882లో. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు బళ్లారి మైసూరుకు పోయింది, దానిలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మాత్రం ఇటు ఉండిపోయాయి. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో, రాయదుర్గం అనంతపురం జిల్లాలో కలిశాయి. ఉగ్గాని చేయితిరిగిన ఊళ్లేవి అంటే మన నోటికి మొదట వచ్చేవీ ఈ వైపు ఊళ్లే. తూర్పుకు, కడప దాటి పోయేకొద్దీ కారం దోసె, పూరి ముందుకొస్తాయి, ఉగ్గాని వెనకబడుతుంది. పప్పుల పొడి మాత్రం అన్నిచోట్లా వెంటే ఉంటుంది. సరిహద్దుకు అటువైపు ఎలా చేసినా ఇటువైపు ఎలా చేసినా, బండి దగ్గర నిలబడి చేయించుకుని అక్కడే తినేది కావడంలో మాత్రం తేడా లేదు.

పెళ్లిళ్లకు ఎలా మరి

వందలమందికి పెట్టేటప్పుడు మూత లేకుండా కుదురుతుందా అని క్యాటరింగ్ వాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కుదురుతుంది, కానీ పని విభజన మారాలి.

తాలింపుకు మూత పెట్టొచ్చు. బాగా ఇగిరిన తాలింపు రెండు గంటలు వేడిగా ఉంచినా ఏమీ కాదు, ఇంకా రుచెక్కుతుంది. మూత పెట్టకూడనిది కలిపాకే. కాబట్టి వందమందికి అయిదు కిలోల బొరుగులు, లీటరున్నర నూనెతో తాలింపు, కిలో పావు పప్పుల పొడి లెక్కేసుకుని, మూడూ వేరువేరుగా ఉంచాలి. అర కిలో బొరుగులు ఒక వాయి, అంటే పది పళ్లేలు. ఒకరు ముంచి పిండుతుంటే ఒకరు తాలింపులో పదోవంతు బాణలిలో వేసి, బొరుగులు తిప్పి, పొడి చల్లి దించుతారు. వాయికి నాలుగైదు నిమిషాలు. ఒక బాణలితో వందమందికి ముప్పావు గంట, రెండు బాణళ్లయితే అందులో సగం. దోసెల కౌంటరు దగ్గర జనం నిలబడే సేపుతో పోలిస్తే ఇది ఏపాటి? దోసె వేయించుకోవడానికి వరసలో నిలబడేవాళ్లు ఉగ్గానికి నిలబడరని ఎవరు చెప్పారు? బొరుగులు చవక కాబట్టి దానికి కౌంటరు ఎందుకనే చిన్నచూపు తప్ప అడ్డం ఏదీ కనిపించదు.

డెలివరీకి మాత్రం నాకు సరైన జవాబు దొరకలేదు. తాలింపు ఒక డబ్బాలో, పొడి పొట్లంలో, బొరుగులు పొడిగా పంపి ఇంట్లో కలుపుకోమనొచ్చు. ఆ పని చేసుకునే ఓపిక ఉన్నవాళ్లు ఆర్డరే పెట్టరు కదా. పార్సిల్ తప్పనిసరైతే మూత డబ్బా వద్దని, విస్తరాకులోనో కాగితంలోనో వదులుగా కట్టమని, బజ్జీలు వేరే పొట్లంలో ఇమ్మని అడగడమే. పావుగంటలోపు తినగలిగితేనే అది కూడా.

పిల్లల స్కూలు క్యారియర్ ఇంకో పేచీ. పొద్దున ఎనిమిదికి మూత పడితే మధ్యాహ్నం ఒంటిగంటకు తెరుస్తారు. అక్కడ ఉగ్గానినే కొంచెం మార్చుకోవాలి. టమేటా మానేసి నిమ్మకాయ, బొరుగులను ఇంకాస్త గట్టిగా పిండటం, నూనె ఒక చెంచా ఎక్కువ, వేయించిన చెనిక్కాయలు దండిగా. కలిపాక పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి. చల్లారినదానికి ఆవిరి ఉండదు కాబట్టి మూత ఏమీ చేయలేదు. తినేటప్పుడు మెత్తదనం తక్కువగా, కొంచెం బిరుసుగా ఉంటుంది. దాన్ని ఉగ్గాని అనాలా వద్దా అంటే నేను మొహమాటానికి అంటాను. షుగరు ఉన్నవాళ్లకు బొరుగులు త్వరగా చక్కెరను పెంచుతాయి కాబట్టి ఆ ఇళ్లల్లో పళ్లెం చిన్నదిచేసి చెనిక్కాయలు, పప్పుల పొడి పెంచుకోవడం మేలు.

ఒక చిన్న సంగతి మిగిలింది. ఈమధ్య కొన్నిచోట్ల ఫొటోకు బాగుంటుందని నాలుగు బజ్జీలను ఉగ్గాని మీద పేర్చి ఇస్తున్నారు. బజ్జీ అడుగున ఆవిరి చేరి కరకర పోతుంది, దాని నూనె దిగి కింద బొరుగులు అణిగిపోతాయి. పక్కన పెట్టివ్వమంటే ఎవరూ కాదనరు.